రెండు కొమ్మల ఆకు

మా అక్క నొప్పి నా ఒంట్లోంచి ప్రయాణం మొదలుపెట్టిన పూట నేను షాపులో కూర్చుని ఓణీల ఫంక్షను ఫ్లెక్సు ఒకటి తయారు చేస్తున్నాను. మేనమామ ఫొటో చిన్నదైపోయిందని తగువు పెట్టుకున్న పెద్దమనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన్ని సముదాయిస్తూ మౌసు కదుపుతుంటే ఎడమ భుజం దగ్గర ఎవరో తట్టినట్టయింది. తట్టిన చోటు నుంచి కుడి మోచేతి దాకా తిమ్మిరి పాకింది. నొప్పి కాదు. కాలు మడిచి ఎక్కువసేపు కూర్చుంటే వస్తుందే, అది. మేనమామ ఫొటో పెద్దది చేసి పెద్దమనిషిని పంపించేసి ఇంటికి ఫోన్ చేశాను. తాయారు ఎత్తి, అమ్మ నిద్రపోతోంది మావయ్యా అంది. తల్లి నిద్రపోయి ఎన్నాళ్ళయిందో మా ఇద్దరికీ తెలుసు. ఆ తరవాత చాలాసేపు ఏడ్చింది.

తాయారు నా భార్య. సత్యవేణి అక్క కూతురు. అంటే మా అక్కే మా అత్తగారు. మా వైపు ఇది వింతేమీ కాదు. పెళ్ళికి ముందు పిలిచిన పిలుపుని పెళ్ళయ్యాక మార్చుకోవలసిన పని తాయారుకి రాలేదు, నన్ను ఇప్పటికీ మావయ్యా అనే అంటుంది. మాకు హైమ ఒక్కతే కూతురు. దానికి మా అక్క ఒక వరసన అమ్మమ్మ, ఇంకో వరసన మేనత్త. పుట్టినరోజు వస్తే అమ్మమ్మగా ఒక జత, మేనత్తగా ఒక జత బట్టలు పెట్టాల్సిందేనని చిన్నప్పుడు పేచీ పెట్టేది. మా అక్క పెట్టేది కూడా. మా ఇంట్లో ప్రతి మనిషీ ఇంకొకరికి రెండేసి అవుతారు. దాని గురించి ఆగి ఆలోచించే అలవాటు మాకెవరికీ లేదు.

అక్కకి క్యాన్సర్ ఎముకల్లోకి దిగింది. రావులపాలెం నుంచి కాకినాడ దాకా తిరగని ఆస్పత్రి లేదు. మార్ఫిన్ ఇచ్చినా గంట గడిచేసరికి మళ్ళీ అరుపులే. వీధిలో వాళ్ళు మొదట్లో వచ్చి పలకరించేవాళ్ళు, తరవాత తరవాత మా ఇంటి ముందు నుంచి వెళ్ళడం మానేసి వెనక సందులోంచి తిరిగి వెళ్ళేవాళ్ళు. నేను వాళ్ళని తప్పు పట్టను. నేను కూడా షాపు మూసే వేళ దాటిపోయాక ఊరికే కూర్చుని, పనేదో ఉన్నట్టు నటించేవాణ్ణి.

రాజమండ్రిలో ఒక పరిశోధనాలయం వాళ్ళు నొప్పిని ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పంపుతున్నారని ఎవరో చెబితే నమ్మలేదు. అయినా వెళ్ళాం. డాక్టర్ పరాంకుశం గారు మాకు పాఠం చెప్పలేదు. అక్క వెన్ను మీద అరచేతి వెడల్పున్న మెత్తటి పట్టీ ఒకటి అంటించారు. అలాంటిదే తాయారు మెడ వెనక అంటించారు. తాయారు ఒక్కసారి కుర్చీలోంచి ముందుకి తూలి నేల మీద పడింది. నేను పట్టుకునేలోపు ఆయన హైమ ఎడమ మణికట్టుకి మూడో పట్టీ చుట్టారు. తాయారు మెల్లగా లేచి కూర్చుంది. తగ్గిపోయింది, తిమ్మిరిగా ఉందంతే అంది. అటు మంచం మీద అక్క కళ్ళు తెరిచి, తన నడుముని తనే తడుముకుంటోంది.

దోమ కుట్టినట్టుంది అంది హైమ, మణికట్టు చూసుకుంటూ.

సంగతి అంతే. నొప్పి రక్తం పంచుకున్న ఒంట్లోకే దాటుతుంది. అది కూడా కన్నవాళ్ళకీ బిడ్డలకీ మధ్య, తోబుట్టువుల మధ్య. మొదట దాటిన ఒంట్లోనే ఆగిపోతే ఆ ఒళ్ళు తట్టుకోలేదు. అక్కణ్ణించి ఇంకో ఒంటికి దారి చూపిస్తే మధ్య మనిషికి తిమ్మిరి మిగిల్చి వెళ్ళిపోతుంది. చివరి మనిషి దగ్గరికి చేరేసరికి అరిగిపోయి దోమకాటంత అవుతుంది. కాకపోతే మా అక్క నొప్పి అంతా ఒక్క దారిన పట్టదు. సగం అటు, సగం ఇటు పోవాలి. అందుకని వారం తిరక్కుండా మళ్ళీ పిలిపించి, అక్క నుంచి నాకు ఒక దారి, నా నుంచి హైమ కుడి మణికట్టుకి ఒక దారి వేశారు, మర్నాటి నుంచి పనిచేసేట్టు. ఆ రోజు పట్టీ కట్టిన నర్సు వేరే అమ్మాయి. ఎడం చేతి పట్టీ చూసి, ఒకటి ముందే ఉందా, మంచిది అంది. గాజుల్లా రెండు చేతులకీ వచ్చాయని మేం నవ్వుకున్నాం. అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి. పుట్టినరోజు బట్టలు గుర్తొచ్చి మా అక్క కూడా నవ్వింది.

ఏ క్షణంలో ఎంత నొప్పి ఏ దారిన వెళ్ళాలో తేల్చే ప్రోగ్రాము రాసింది ఎస్తేరు. గుడివాడ పిల్ల, సన్నగా ఉంటుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి ఆలోచనలో పడుతుంది. తన కంప్యూటరు మీద మా కుటుంబాన్ని చూపించింది. పైన ఒక చుక్క, మా అక్క. దాన్నుంచి కిందికి రెండు గీతలు, వాటి చివర నేనూ తాయారూ. మా కింద ఒక్కొక్క గీత, ఒక్కొక్క చుక్క. దీన్ని చెట్టు అంటామని చెప్పింది. వేరు పైనా ఆకులు కిందా ఉన్నాయేంటమ్మా అని అడిగితే, మా దగ్గర చెట్లన్నీ ఇలాగే ఉంటాయండి అంది. ఒక ఆకు నిండుతూ వస్తే ప్రోగ్రాము నొప్పిని ఆపి రెండో ఆకు వైపు మళ్ళిస్తుందట. ఏ ఆకూ దాని హద్దు దాటదట. చక్కగా ఉంది. నేను చూశాను. కింద ఉన్న రెండు చుక్కల్నీ నా కళ్ళతో చూశాను.

ఆ తరవాతి నెలలు మా ఇంట్లో మంచి రోజులు. అలా అనే చెప్పుకున్నాం. అక్క మంచం దిగింది. వరండాలో వాలుకుర్చీ వేయించుకుని కూర్చుని, పాలవాడి దగ్గర నుంచి పంచాయతీ ప్రెసిడెంటు దాకా దారిన పోయే వాళ్ళందరినీ పేరు పెట్టి తిట్టేది. కోడిగుడ్డు పులుసు కావాలని అడిగి మరీ చేయించుకుంది. తాయారు పూతరేకులు చేసి అమ్ముతుంది. మాది ఆత్రేయపురం పక్క ఊరే కాబట్టి అది మా ఇంటి పని. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పైన పల్చటి పిండిలో ముంచిన గుడ్డ. గుడ్డ పరిచి లాగిన క్షణంలో రేకు వస్తుంది. కుండ ఎంత వేడెక్కిందో వేళ్ళకే తెలియాలి. ఆ తెలివి తాయారు కంటే హైమకి ఎక్కువ. దాని చేతి రేకు వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల మనిషి కనపడతాడు. డిగ్రీ అవగానే హైదరాబాదు పోతానంటుందేమోనని భయపడ్డాం కానీ, సొంతంగా పొయ్యి పెట్టుకుంటాను, నా పేరుతో పెట్టెలు అచ్చు వేసిపెట్టు నాన్నా అని అడిగింది. ఆ పెట్టె డిజైను నేనే చేశాను. నాకు అంతగా సంతోషం కలిగిన పని ఇంకోటి లేదు.

ఆ సంతోషం పట్టీలకి ముందు. పట్టీలు వచ్చాక నాకు ఏదీ పెద్దగా కలగడం మానేసింది. నాతో బడిలో చదువుకున్న వరహాలరాజు గుండె ఆగి పోయాడు. వాడి శ్రద్ధాంజలి ఫ్లెక్సు నేనే వేశాను. పేరులో అక్షరదోషం లేకుండా చూసుకున్నాను, రంగు సరిగా వచ్చిందో లేదో చూసుకున్నాను, వాళ్ళబ్బాయికి చుట్ట చుట్టి ఇచ్చాను. వాడు వెళ్ళిపోయాక కాసేపు కూర్చుని, నాకు ఏడుపు రావాలి కదా అనుకున్నాను. రాలేదు. టీ తెప్పించుకుని తాగాను. తాయారు కూడా అంతే. మేం పోట్లాడుకోవడం మానేశాం. పోట్లాడుకోవాలంటే ఇద్దరికీ ఏదో ఒకటి గట్టిగా అనిపించాలి కదా. అక్క సుఖంగా ఉంది, ఇల్లు ప్రశాంతంగా ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాం. హైమ నవ్వడం తగ్గించిందని గమనించినా, పెద్దదవుతోంది అనుకున్నాను.

ఒకరోజు పొద్దున టిఫిను చేస్తుంటే కమురు వాసన వచ్చింది. వెనక పాకలోకి వెళ్ళాను. హైమ ఎప్పటిలాగే కుండ ముందు పీట మీద కూర్చుంది. కుడి చేత్తో గుడ్డ లాగుతోంది. ఎడమ అరచెయ్యి కుండ వార మీద ఆనించి ఉంది. ఆనించి, అలాగే ఉంచేసింది. పక్కనే తాయారు రేకుల్లో పంచదార చల్లుతూ, ఏదో మాడుతోందే, మంట తగ్గించు అంటోంది. నేను వెళ్ళి హైమ చెయ్యి పట్టుకుని లాగాను. చర్మం కుండకి అంటుకుని ఉండిపోయింది. హైమ తన అరచేతిని తిప్పి చూసుకుంది. ఎవరి చెయ్యో చూసినట్టు చూసి, నీళ్ళు పోయనా నాన్నా అని నన్నే అడిగింది.

ఊళ్ళో ఆర్‌ఎంపీ కట్టు కట్టి, అనుమానమొచ్చి, సూది తీసి గుచ్చుకుంటూ పైకి వెళ్ళాడు. మోచెయ్యి దాటినా, భుజం దాటినా హైమ కదల్లేదు. రెండో చెయ్యీ అంతే. పాదాలూ అంతే. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని రాజమండ్రి వెళ్ళాం.

పరాంకుశం గారు కంప్యూటరు ముందు కూర్చుని మొదటి రోజు నుంచి లెక్కలన్నీ తిరగేశారు. ఏ ఆకూ ఏ రోజూ హద్దు దాటలేదు. ఇలా జరగడానికి వీల్లేదని ఆయన రెండుసార్లు అన్నారు. ఎస్తేరు హైమని చూస్తోంది. కట్టు కట్టిన చేతి వైపు కాదు, రెండు మణికట్టుల వైపు. తరవాత నా దగ్గరికి వచ్చి, మీ దగ్గర నుంచి పట్టీ ఎవరికి వెళ్ళిందండీ అని అడిగింది. మా అమ్మాయికి అన్నాను. తాయారుని అడిగింది. మా అమ్మాయికి అంది తాయారు. ఎస్తేరు కుర్చీలో కూర్చుండిపోయింది.

ఆ ప్రోగ్రాము మొదట మా అక్కని అడుగుతుంది, నీ బిడ్డలెవరు, తోబుట్టువులెవరు అని. తరవాత తాయారుని అడుగుతుంది, నీ బిడ్డలెవరు అని. హైమ, అని ఒక చుక్క పెట్టుకుంటుంది. తరవాత నన్ను అడుగుతుంది. హైమ, అని ఇంకో చుక్క పెట్టుకుంటుంది. చెట్టులో ఒక ఆకు ఒక కొమ్మకే ఉంటుంది కాబట్టి, రెండో కొమ్మకి కనపడ్డ ఆకు రెండో ఆకే అయ్యుండాలని దాని నమ్మకం. ఒక హైమ నిండుతూ వస్తే నొప్పిని ఆపి రెండో హైమ వైపు మళ్ళించింది. ఆ హైమ నిండుతుంటే మళ్ళీ ఈ హైమ వైపు. హద్దు ఎప్పుడూ దాటలేదు. రెండు హద్దుల బరువూ ఒక్క ఒంట్లో పడింది. ఆ ఒళ్ళు కొన్నాళ్ళు మోసి, మొయ్యలేక, నొప్పి తెలిసే తలుపులన్నీ మూసేసుకుంది. నొప్పి తెలియని పిల్ల నొప్పని చెప్పదు కదా.

“మా అమ్మా నాన్నా కూడా మేనరికమేనండీ. మా ఇంట్లోనూ అందరం రెండేసి వరసలు. అయినా నాకు తట్టలేదు,” అంది ఎస్తేరు.

తిట్టాలనుకున్నాను. ఇంకెవరైనా అయితే ఆ పిల్ల చెంప పగలగొట్టి ఉండేవారు. నాకు కోపం రాలేదు. రావాల్సిన చోట తిమ్మిరిగా ఉంది. హైమ రెండు చేతులకీ పట్టీలుంటే చూసి నవ్వుకున్నది మేమే కదా అని మాత్రం అనిపించింది.

ఎస్తేరు అక్కడే రెండు చుక్కల్నీ కలిపి ఒక్కటి చేసింది. రెండు గీతలు వచ్చి ఒక్క చుక్క మీద కలుసుకున్నాయి. వెంటనే ఆ చుక్క ఎర్రగా మారిపోయింది, ప్రోగ్రాము పనిచెయ్యనని మొరాయించింది. రెండో ఆకు లేదు. మా అక్కకి ఒక్కతే కూతురు, ఒక్కడే తమ్ముడు. ఆ కూతుర్ని ఆ తమ్ముడికే ఇచ్చి చేసింది. కంప్యూటరు మీద ఐదుగురిగా కనపడ్డ కుటుంబం నిజానికి నలుగురం.

పరాంకుశం గారు ఉన్నదున్నట్టు చెప్పారు. ఇప్పుడు ఆపేస్తే అమ్మాయికి స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. పెద్దావిడ పోయేదాకా ఇలాగే సాగిస్తే ఇక రాదు. ఆపడమే మంచిదని నా సలహా అంటూ నేల వైపు చూశారు. మా అక్క ఎలా తేరుకుందో చూడ్డానికి ఢిల్లీ నుంచి పెద్ద పెద్దవాళ్ళు వస్తారని ఆయన అంతకుముందే చెప్పి ఉన్నారు. పాత ప్రోగ్రాము ఇంకా నడుస్తూనే ఉందని, మీరు చెప్పేదాకా దాన్ని ముట్టుకోనని ఎస్తేరు అంది. మేం ఇంటికి వెళ్ళి చెప్తామన్నాం.

దారిలో కారులోనే తేలిపోయింది. తాయారు కిటికీలోంచి బయటికి చూస్తూ, అమ్మ అరుపులు మళ్ళీ నేను వినలేను మావయ్యా, డాక్టర్లు చెప్పింది కొద్ది నెలలే కదా అంది. హైమ వైపు చూశాను. “నాకేం లేదుగా నాన్నా. ఉండనియ్యండి,” అంది. గొంతులో బెరుకు లేదు, త్యాగం చేస్తున్నానన్న ఉబలాటం కూడా లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందన్నట్టు అంది. ఆ పిల్ల సరే అనడానికి విలువ లేదని నాకు తెలుసు. భయం, నొప్పి తెలిసిన మనిషి సరే అంటే అది సరే. అయినా నేనూ తలూపాను. అక్కకి చెప్పకూడదనుకున్నాం. ముగ్గురం తిమ్మిరెక్కిన మనుషులం కూర్చుని తేల్చుకున్న సంగతి అది. ఒక్కరం కూడా గొంతు పెంచలేదు.

నాలుగు రోజులైనా దాగలేదు. హైమ కట్టుతోనే వేడి గిన్నెలు దించుతోంది. అరచెయ్యి పుండు పడింది. అక్క దాన్ని వరండాలోకి పిలిచి, కట్టు విప్పి చూపించవే అంది. హైమ విప్పి చూపించి, సీరియల్లో కోడలు ఏం చేసిందో చెప్తోంది. అక్క పుండు అంచు మీద బొటనవేలు పెట్టి నొక్కింది. హైమ సీరియల్ కథ ఆపలేదు. అక్క ఇంకా గట్టిగా నొక్కింది. చీము బయటికొచ్చింది. హైమ ఆ కథలో అత్తగారి సంగతికి వచ్చింది. అక్క దాని చెయ్యి వదిలి, లోపలికి పంపించేసి, నన్ను కేకేసింది.

“ఒరే అబ్బులూ, దీనికి నొప్పి తెలీట్లేదేంట్రా?”

అబద్ధం ఆడదామని నోరు తెరిచాను. చిన్నప్పటి నుంచి ఆవిడ ముందు నాకు అబద్ధం నిలవదు. అంతా చెప్పాను. ఆ రెండు చుక్కల సంగతి చెప్పేటప్పుడు ఆవిడకి అర్థం కాదేమో అనుకున్నాను. మా అందరి కంటే ముందు అర్థమైంది.

“అంటే ఇన్నాళ్ళూ నేను పులుసులు చేయించుకు తింటుంటే, అంతా దీని ఒంట్లో పోశారా?”

అవునక్కా అన్నాను. మరి నాకు చెప్పలేదేం అంది. నువ్వు తీసెయ్యమంటావని అన్నాను.

“తీసెయ్యమనే అంటాను. నా నొప్పి నాది. నాకిచ్చెయ్యండి.”

అప్పటికి తాయారు వచ్చి గుమ్మంలో నిలబడింది. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలింది. ఇంకొన్నాళ్ళేనమ్మా, హైమకి మందులు వేయిద్దాం, చిన్న పిల్ల, తేరుకుంటుంది అంది. అక్క దాని తల మీద చెయ్యి వేసింది.

“నువ్వు నా కూతురివి కాబట్టి నన్ను చూసుకుంటున్నావే తాయారూ. అది నీ కూతురు. దాన్ని చూడు.”

వెన్ను మీద పట్టీకి ఆవిడ చెయ్యి అందలేదు. నన్ను తియ్యమంది. తువ్వాలు తెప్పించుకుని మడిచి పళ్ళ మధ్య పెట్టుకుంది. నేను జాకెట్టు పైకి లేపి పట్టీ అంచు గోటితో పట్టుకున్నాను. నా చేతులు వణకలేదు. వణికి ఉండవలసింది. ఒక్క లాగుతో తీసేశాను.

మొదటి వారం గురించి రాయను. మార్ఫిన్ ఇప్పించాం, పట్టింపులు లేకుండా అడిగినంతా ఇచ్చారు, అది పనిచేసినంతసేపు పనిచేసింది. వీధిలో వాళ్ళు మళ్ళీ వెనక సందులోంచి తిరగడం మొదలుపెట్టారు. నాకు తిమ్మిరి వదిలింది షాపులో. ఎవరిదో గృహప్రవేశం ఫ్లెక్సు అచ్చవుతుంటే చూస్తూ నిలబడ్డాను. వరహాలరాజు గుర్తొచ్చాడు. మా అక్క గుర్తొచ్చింది. హైమ చేతిని కుండ మీంచి లాగినప్పటి చప్పుడు గుర్తొచ్చింది. షట్టరు సగం దించేసి మిషను పక్కన కింద కూర్చుని ఏడ్చాను. ఆగలేదు. ఇంటికొచ్చేసరికి తాయారు కూడా పొయ్యి దగ్గర అదే పనిలో ఉంది. ఆ రోజు చాలాకాలానికి మేమిద్దరం పోట్లాడుకున్నాం. ముందే అక్కకి చెప్పి ఉండాల్సిందని నేను, కారులో నువ్వెందుకు తలూపావని తను. పోట్లాడుకున్నాక నాకు కాస్త ఊపిరాడింది.

హైమకి మాత్రం వదల్లేదు. మధ్యలో ఉన్నవాళ్ళం తేలిగ్గా బయటపడ్డాం, చివర ఉన్నది మునిగిపోయింది. పరాంకుశం గారు ఒకసారి వచ్చి చూసి, ఓపిక పట్టండి అని వెళ్ళిపోయారు. ఎస్తేరు ఎవరూ పంపకుండానే ఆదివారాలు చర్చి అయ్యాక బస్సెక్కి వచ్చేది. ఐసు ముక్క తెచ్చి హైమ వేళ్ళ మీద పెట్టేది. హైమ వేళ్ళని చూసేది. ఎస్తేరు హైమ మొహాన్ని చూసేది. ఐసు కరిగి నీళ్ళయ్యాక తుడిచేసి, అక్క దగ్గర కాసేపు కూర్చుని పోయేది. ప్రోగ్రాము మొత్తం మార్చి రాశానని, ఇప్పుడు దాన్ని చెట్టు అనడం లేదని, ఎన్ని గీతలొచ్చి కలిసినా మనిషి ఒక్క చుక్కేనని నాతో చెప్పింది. ఇంకో కుటుంబానికి పనికొస్తుంది అన్నాను. నేను ఎత్తిపొడుపుగా అనలేదు కానీ, ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అక్క అరుస్తుంటే మేం ఆ గదిలో ఉండలేకపోయేవాళ్ళం. హైమ ఉండగలిగేది. దానికి ఏమీ అనిపించడం లేదు కాబట్టి ఉండగలిగేది. మంచం పక్కన కుర్చీ వేసుకుని గంటలు గంటలు కూర్చునేది. నొప్పి తెర వచ్చినప్పుడు అక్క ఎదురుగా ఏది దొరికితే అది పట్టుకునేది, హైమ చెయ్యి దొరికేది. గోళ్ళు దిగేవి. హైమ అలాగే ఉంచేది. తాయారు మధ్యలో గుడ్డ పెట్టబోతే, పర్లేదమ్మా, అమ్మమ్మకి పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా అనేది. తెర తగ్గి ఊపిరి తిరిగాక అక్క తన గోళ్ళు దిగిన గుర్తులు చూసి అడిగేది, తెలిసిందా అని. లేదమ్మమ్మా అనేది హైమ. అక్క గోడ వైపు తిరిగి పడుకునేది. తెలిసింది అనే ఆ ఒక్క మాట కోసమే ఆవిడ నొప్పి మొత్తం వెనక్కి తీసుకుంది. ఆ మాట రాకుండానే పోతానేమోనని ఆవిడ భయం. నాతో అంది కూడా. ఇంత పెట్టి కూడా ఏమీ కొనుక్కోలేకపోయాన్రా అంది.

మనిషి రోజురోజుకీ చిక్కిపోయింది. మంచినీళ్ళు చెంచాతో పోస్తున్నాం. డాక్టరు మార్ఫిన్ మోతాదు పెంచి, ఇంక మీరు చూసుకోవాల్సిందే అన్నాడు. ఒకరోజు పొద్దున్నే నేను షాపుకి బయల్దేరబోతూ గుమ్మంలో ఆగాను. హైమ కుర్చీలో కూర్చుని ఉంది. తాయారు పక్క దుప్పటి మారుస్తోంది. అక్కకి తెర వచ్చింది. వెనక్కి విరుచుకుపోయి, చెయ్యి చాచి, హైమ మణికట్టు దొరకబుచ్చుకుంది.

హైమ చెయ్యి లాక్కుంది.

లాక్కున్నాక ఏం చేసిందో దానికే తెలియనట్టు, ఆ చేతిని గుండెకి ఆనించుకుని కూర్చుంది. తాయారు చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. అక్క అరుపు ఆపింది. నొప్పి ఆగి కాదు, ఒళ్ళంతా ఇంకా వణుకుతూనే ఉంది. పళ్ళు బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని హైమని చూస్తోంది.

“ఏమయిందే?”

“నొప్పెట్టింది అమ్మమ్మా,” అంది హైమ. అని, చిన్నపిల్లలా మొహం ముడుచుకుని ఏడుపు మొదలుపెట్టింది. అక్క అరుస్తుంటే చెయ్యి లాగేసుకున్నందుకు అప్పుడు దానికి సిగ్గేసినట్టుంది. ఏడుస్తూనే మళ్ళీ చెయ్యి ముందుకి చాచి అక్క అరచేతి మీద పెట్టింది.

అక్క ఆ చేతిని వెనక్కి నెట్టేసింది. ఆ నెట్టడానికి ఒంట్లో ఉన్న బలమంతా సరిపోయింది. తల పక్కనున్న మంచం ఇనప కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

“అవతలికి పోవే. చెయ్యందేంత దగ్గరికి రాకు.”

హైమ కదల్లేదు. కుర్చీ జరపమని అక్క నాకు కళ్ళతో చెప్పింది. నేను హైమని లేపి, కుర్చీని గుమ్మం దాకా లాగి, దాన్ని అక్కడ కూర్చోబెట్టాను. ఆ తరవాత ఎన్నాళ్ళు బతికిందో అన్నాళ్ళూ ఆవిడ హైమని ఆ గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. హైమ అక్కడే కూర్చుని ఏడ్చేది. అక్క కమ్మీ పట్టుకుని, తెరకీ తెరకీ మధ్య ఆ ఏడుపు వింటూ పడుకునేది.